ఒళ్ళు దులుపుకోని మేకపోతు

ఒక మేక ఎప్పుడు ఉచ్చ పోస్తుందా అని నేనూ మా బావా తడిబండ మీద బోర్లా పడుకుని, ఒకే టెలిస్కోప్‌లో వంతులేసుకుని చూస్తూ ఒక ఉదయమంతా గడిపాం. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. ఆయన పేద్ద క్లౌడ్ ఆర్కిటెక్ట్, నేను బాతెల్ అనే ఊళ్ళో ఒక బయోటెక్ కంపెనీలో డేటా చూసేవాణ్ణి. ఆ ఉదయం మాత్రం లోయకి అవతల గట్టున నిలబడ్డ ఆ తెల్లటి జంతువు వెనక కాళ్ళు వంచి కూర్చుంటుందా, ఒళ్ళు ముందుకు సాచి నిలబడుతుందా అన్నది తప్ప లోకంలో మాకు ఇంకే సమస్యా లేదు. కూర్చుంటే ఆడది. సాచితే మగది. కొండమేకల్లో ఆడవాటికీ కొమ్ములుంటాయి, ఆడవాటికీ గడ్డాలుంటాయి. దూరం నుంచి తేల్చుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదని వేటగాళ్ళ వీడియోలన్నీ ఒకే మాటగా చెప్పాయి.

మధ్యాహ్నం అవుతుండగా అది కూర్చుంది.

"ఆడిది," అన్నాడు బావ, ఇంటర్వ్యూలో ఫెయిలైనవాడిలా. టెలిస్కోప్ మూత పెట్టి, "ఇంకో గుట్ట చూద్దాం నడు బామ్మర్ది," అని లేచాడు. నాకు లేవాలనిపించలేదు. అప్పటికే రోజుల తరబడి ఇంకో గుట్ట, ఇంకో గుట్ట అంటూ నన్ను తిప్పుతున్నాడు.

మేం అక్కడ ఎందుకున్నామో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. అక్కకి అంతకుముందు ఏడాది క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, అన్నీ అయ్యాయి. రాలిపోయిన జుట్టు మళ్ళీ రెండు వేళ్ళ పొడుగు పెరిగింది. ఆఫీస్‌కి వెళ్తోంది, నన్ను తిడుతోంది, అంటే బాగానే ఉన్నట్టు. కానీ నిజంగా పోయిందో లేదో తేల్చే స్కాన్ మిగిలింది. ఆపరేషన్ జరుగుతున్న రోజు బావ హాస్పిటల్ పార్కింగ్ గరాజ్‌లో కారు పక్కన నిలబడి, వరంగల్ దగ్గర వాళ్ళ ఊరి మైసమ్మకి ఒక యాటపోతును, అంటే మేకపోతును, మొక్కుకున్నాడు. స్కాన్‌లోగా ఆ మొక్కు తీరాలి. "లేకపోతే..." అని ఆగిపోయేవాడు ప్రతిసారీ. ఆ తర్వాతి మాట ఆయన ఎప్పుడూ అనలేదు, మేమూ అడగలేదు.

అక్క మాత్రం మండిపడింది. మాది గుంటూరు, మా ఇంట్లో మొక్కులంటే మహా అయితే తలనీలాలు. "నన్ను ఒక్క మాట అడక్కుండా నా పేరు మీద మేకని ఎలా మొక్కుతారండీ మీరు? ఆపరేషన్ టేబుల్ మీదున్న మనిషిని నేనా, మీరా?" అంది.

"నీ కోసం అని ఎవరన్నరు? నా కోసం మొక్కిన," అన్నాడు బావ. ఆ మాట అప్పుడు నాకు ఎంత మాత్రం అర్థం కాలేదు.

ఊళ్ళో వాళ్ళన్న ఫోన్‌లో, "నేనిస్త తియ్, నువ్ పరేషాన్ గాకు," అన్నాడు. మొక్కినవాడి చేత్తోనే ఇవ్వాలంటాడు ఈయన. పోనీ ఇండియా వెళ్ళి ఇచ్చి రమ్మంటే, అక్కని వదిలి విమానం ఎక్కనంటాడు. ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ నిండా మేకమాంసం ఉంది కదా, రెండు ప్యాకెట్లు పటం ముందు పెట్టి దండం పెట్టుకో అన్నాను. అక్కడే అసలు చిక్కు బయటపడింది. వాళ్ళ ఆచారంలో మేకపోతు నెత్తిన పసుపునీళ్ళు చల్లి ఆగుతారు. అది చెవుల దగ్గర్నుంచి తోకదాకా ఒకసారి ఒళ్ళు దులుపుకోవాలి. దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతే గంటైనా, రెండు గంటలైనా ఆగాల్సిందే.

"ఫ్రీజర్ల ఉన్నది దులుపుకుంటదా?" అని అడిగాడు బావ చాలా సీరియస్‌గా. నేను ఫోన్ తీసి దగ్గర్లో మేకల ఫామ్‌లు వెతకడం మొదలుపెట్టాను.

తర్వాత ఊరి బయట ఒక మేకల ఫామ్‌కి వెళ్ళాం. ఆ ఫామ్ ఆవిడ ముందు మమ్మల్ని ఇంటర్వ్యూ చేసింది. మీ యార్డ్ ఎంత, ఫెన్స్ ఎంత ఎత్తు, ఒక్కటే కావాలా, ఒంటరితనంతో దిగులు పెట్టుకుంటుందే, ఇంట్లో ఎవరైనా పొద్దస్తమానం దానికి తోడుంటారా, అని. బావకి అబద్ధం ఆడటం రాదు. మొక్కు సంగతి మొదలుపెట్టి పసుపునీళ్ళ దాకా వివరంగా చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది. చేతిలో ఉన్న మేకపిల్లకి చెవులు మూసి మరీ గేటు వేసేసింది.

ఆ దిగులులో ఉండగా ఆయన టీమ్‌లో ఒక వేటగాడు కొండమేకల డ్రా గురించి చెప్పాడు. ఈ రాష్ట్రంలో కొండమేకని వేటాడాలంటే ట్యాగ్ కోసం, అంటే పర్మిట్ కోసం, లాటరీ డ్రాలో పేరు రావాలి. ఆ మనిషి గడ్డం నల్లగా ఉన్నప్పట్నుంచీ అప్లై చేస్తున్నాడు, ఇప్పుడు గడ్డం తెల్లబడింది, ట్యాగ్ రాలేదు. బావ మొదటిసారి అప్లై చేశాడు, వచ్చేసింది. ఆ మనిషి వారం పాటు బావతో మాట్లాడలేదు. తర్వాత పెద్ద మనసు చేసుకుని రేంజ్‌కి తీసుకెళ్ళి షూటింగ్ నేర్పాడు, టెలిస్కోప్ అరువిచ్చాడు. మోకాలి ఆపరేషన్ లేకపోతే తానే వెంట వచ్చేవాణ్ణన్నాడు. ట్యాగ్ రావడమే అమ్మవారి సంతకం అని బావ తీర్మానించుకున్నాడు. కొండ మీది మేక నెత్తిన పసుపునీళ్ళు ఎలా చల్లుతావంటే, "అమ్మే చూస్కుంటది," అన్నాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"నువ్వు కూడా వెళ్ళరా," అంది అక్క నన్ను వంటింట్లోకి పిలిచి.

"నాకు ఎత్తంటే భయం అక్కా. నిచ్చెనెక్కి బల్బు మార్చాలన్నా..."

"నువ్వేం కొట్టక్కర్లేదు. ఆయన ఎక్కడైనా పడితే నాకు ఫోన్ చెయ్యడానికి ఒకడుండాలి కదా." అలా నా ఉద్యోగం ఖాయమైంది.

సర్దుకునేటప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. బరువు తగ్గాలని వీడియోలో చూసి బావ మా ఇద్దరి టూత్‌బ్రష్‌లూ సగానికి కోసేశాడు. జిప్పులకున్న తాళ్ళు కత్తిరించాడు. నేను తెచ్చుకున్న చిన్న దిండు బయట పారేశాడు. అన్నీ అయ్యాక తన బ్యాగ్‌లో పసుపు డబ్బా, కుంకుమ, ఎండు వేపాకు ప్యాకెట్, పీచు తీయని పెద్ద కొబ్బరికాయ పెట్టుకున్నాడు. "దిండు బరువు, కొబ్బరికాయ తేలికా?" అంటే, "గది వేరే లెక్క," అన్నాడు.

దారి ఉన్నంతవరకూ బాగానే నడిచాం. దారి అయిపోయాక అసలు కథ మొదలైంది. పడిపోయిన చెట్లు, మనిషెత్తు పొదలు, చేత్తో పట్టుకుంటే అరచేతి నిండా ముళ్ళు దిగే మొక్కలు. పట్టుకోకపోతే జారి కిందికి పోతాం. ఏది నయమో తేల్చుకోలేక నేను వంతులవారీగా రెండూ చేశాను. పైకెళ్ళాక రాళ్ళు మొదలయ్యాయి. రెండడుగులు ఎక్కితే ఒకడుగు వెనక్కి జారే రాళ్ళు. వాటి మీద బావ వెనకాల, కొబ్బరికాయ బ్యాగ్‌లో దొర్లుతున్న చప్పుడు వింటూ, నోటికి వచ్చినవన్నీ తిట్టుకుంటూ ఎక్కాను. పైన వాన. కింద బురద. టెంట్ లోపల, చెప్పాలంటే, రెండూ.

కొండమేక తెల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. ఆ కొండల్లో మేక కానివి ఎన్ని తెల్లగా ఉంటాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. కరగని మంచు తెల్లగా ఉంటుంది. కొన్ని బండలు తెల్లగా ఉంటాయి. మేఘం ముక్క రాయి మీద కూర్చుంటే అదీ మేకలాగే ఉంటుంది. ఒక రోజు "పండుకున్నది, పోతే అది, చూడు భుజాలు!" అని బావ ఊపిరి బిగపట్టి చెప్తే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చప్పుడు కాకుండా, దగ్గొస్తే టోపీలోకి దగ్గుకుంటూ, ఒక లోయ దిగి ఇంకో గట్టు ఎక్కి దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాం. అది బండ. బావ దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "భుజాలైతె ఉన్నయ్ గదా," అన్నాడు. ఒక్కణ్ణే ఆ బండ మీద కూర్చుని ఏడుద్దామా అనుకున్నాను.

మేక ఉచ్చ కోసం ఉదయమంతా కాపలా కాసింది ఆ మర్నాడు. ఆ సాయంత్రానికి బావ కూడా కూలబడ్డాడు. బూట్లు విప్పి, నీళ్ళు కారుతున్న సాక్స్ పిండుతూ, పిండిన సాక్స్ మళ్ళీ తొడుక్కుంటూ, "నాతోని అయితలేదు బామ్మర్ది," అన్నాడు. ఆయన గొంతులో ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. "సెలవు అయిపోతున్నది. వచ్చే వారం స్కాన్. ఏం మొహం పెట్టుకొని పోవాలె హాస్పిటల్‌కి?"

ఎన్ని రోజుల నుంచో వెనక్కి పోదాం అని నసిగింది నేనే. ఆయనే ఆ మాట అన్నాక నాకు సంతోషం కలగాలి కదా. భయం వేసింది. ఈ మనిషి ఏడాదిగా ఒక్కచోట కూర్చోవడం నేను చూడలేదు. అక్క దగ్గితే లేస్తాడు, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదో చూడ్డానికి లేస్తాడు. వెయిటింగ్ రూమ్‌లో కూడా గోడవారన నడుస్తూనే ఉంటాడు. అలాంటివాడు రాయి మీద కూలబడి నేల చూస్తూ ఉంటే, నా కాళ్ళ కిందున్న కొండ కంటే అది ఎక్కువ భయపెట్టింది. "పొద్దున ఇంకొక్క గుట్ట చూద్దాం బావా," అని నేనే అన్నాను. అంటున్నది నా నోరేనా అనిపించింది.

ఇంకో గుట్ట చూడాల్సిన పని పడలేదు. తెల్లారి టెంట్ జిప్పు తీసి తల బయటపెట్టేసరికి, పది అడుగుల దూరంలో కొండమేక నిలబడి ఉంది. దూడంత మేక. నేను ముందు రోజు ఉచ్చ పోసిన బండని శ్రద్ధగా నాకుతోంది. ఆ కొండల్లో వాటికి ఉప్పు దొరకదట, మనిషి ఉచ్చ కోసం ఎంత దూరమైనా వస్తాయట. ఇది వీడియోలో చివర్లో చెప్పారు, మేం చివరిదాకా చూడలేదు. దాని ఉచ్చ కోసం మేం పడిగాపులు పడుతుంటే, అది మా ఉచ్చ కోసం వెతుక్కుంటూ వచ్చిందన్నమాట. నాకు నవ్వూ, భయమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. దాని కొమ్ములు చిన్నవే, కానీ సూదుల్లా ఉన్నాయి. బావ నా భుజం మీంచి తొంగి చూశాడు. అదే సమయానికి అది ఒళ్ళు ముందుకు సాచి, అదే బండ మీద, మాకు ఏ అనుమానమూ మిగల్చకుండా పోసింది.

"పోతు," అన్నాడు బావ గుసగుసగా. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చుట్టూ చదును నేల. కొడితే లోయలో పడిపోతుందన్న బెంగ లేదు. రైఫిల్ చేతికందే దూరంలో ఉంది. అంత దగ్గర్నుంచి అయితే నేనైనా కొట్టగలను. బావ రైఫిల్ తీసుకున్నాడు, బయటికి పాక్కుంటూ వెళ్ళాడు, దాన్ని పక్కన బండకి ఆనించి పెట్టాడు. బ్యాగ్ తెరిచి పసుపు డబ్బా తీశాడు.

"ఏం చేస్తున్నావ్ బావా?"

"ముందు అడగాలె గదా."

వాటర్ బాటిల్‌లో పసుపు కలిపి, ఎండు వేపాకు గుప్పెడు వేసి, బూట్లు లేని కాళ్ళతో ఒక్కొక్క అడుగే ముందుకు వేశాడు. మేక తల ఎత్తి చూసింది. బావ వేళ్ళు ముంచి నీళ్ళు చల్లాడు. చుక్కలు దాని మూపు మీద పడ్డాయి. అది కదల్లేదు. ఇంకోసారి చల్లాడు. అది నాలుక చాచి మూతి మీది చుక్క నాకి చూసి, నచ్చక, మళ్ళీ బండ నాకడం మొదలుపెట్టింది. నేను టెంట్‌లో సగం, బయట సగం ఉండి చూస్తున్నాను. వారాల తరబడి వానలో, మంచులో నిలబడే జంతువు, నాలుగు చుక్కల పసుపునీళ్ళకి ఒళ్ళు దులుపుకుంటుందా?

"అమ్మా తల్లీ, మైసమ్మ తల్లీ, దూరం నుంచి వచ్చిన, తప్పులుంటె మన్నించు, ఒప్పుకో తల్లీ," అని బావ చేతులు జోడించాడు. మేక ఒక చెవి విదిలించింది. బావ ఆశగా ఆగాడు. అంతే, ఒక చెవే. రెండోది కూడా విదిలించలేదు. ఇక లాభం లేదని బాటిల్ మొత్తం దాని మెడ మీద ఒంపేశాడు. పసుపు దాని తెల్లటి జూలులో పెద్ద మచ్చలా పాకింది, ఒక వేపాకు కొమ్ముకి అతుక్కుంది. అది నెమ్మదిగా వచ్చి, బావ బ్యాగ్ పట్టీకి పట్టిన చెమట ఉప్పు నాకింది. పెళ్ళికూతురిలా పసుపు పూసుకుని మా మధ్యే తిరిగింది గానీ, ఒళ్ళు మాత్రం దులుపుకోలేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. నా కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

"కొట్టు బావా! వెళ్ళిపోతుంది, కొట్టు!"

"అది ఒప్పుకోలే."

"అది మేక బావా! దానికి ఒప్పుకోవడం ఏంటి? ఇన్ని రోజులూ బండల వెంట పడి చచ్చాం, తీరా ఇప్పుడు..." నాకు కోపంతో మాట తడబడింది.

బావ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఒప్పుకోకున్నా కొడితె పనికొస్తది, మీ అక్కకేం కాదు అని, మీ అక్క మీద ఒట్టేసి చెప్పు. ఇప్పుడే కొడత."

నేను దేవుణ్ణి నమ్మను. పసుపునీళ్ళని అసలే నమ్మను. నోరు తెరిచాను. కానీ అక్క మీద ఒట్టు వెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేనూ ఏడాదిగా ఆయనంత భయంలోనే ఉన్నానని, ఆయనలా బయటికి మొక్కుకోలేదంతేనని అప్పుడు తెలిసింది.

మేక ఇంకోసారి బండ నాకి, ఇక ఏమీ మిగల్లేదని తేల్చుకుని, మేం గంటలో ఎక్కలేని గోడ లాంటి రాయిని మెట్లెక్కినట్టు ఎక్కి వెళ్ళిపోయింది. కొంతకాలం తర్వాత ఒక హైకింగ్ గ్రూప్‌లో ఎవరో పసుపు మెడ ఉన్న కొండమేక ఫోటో పెట్టి, ఇది ఏదైనా కొత్త జబ్బా అని అడిగారు. కింద చాలామంది చాలా శాస్త్రీయమైన అభిప్రాయాలు రాశారు. నేను ఏమీ రాయలేదు.

కొండ దిగి ఇంటికి బయల్దేరాం. బావ ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని కూర్చుంటే నేనే డ్రైవ్ చేశాను. ఇల్లు చేరేసరికి అక్క డ్రైవ్‌వేలో మొక్కలకి నీళ్ళు పడుతోంది. నేను కారు డోర్ తీయగానే ముక్కు మూసుకుంది.

"అక్కడే ఆగండి ఇద్దరూ! ఆ కంపుతో నా గరాజ్‌లో అడుగు పెట్టారంటే ఊరుకోను. దొరికిందా?"

బావ తల అడ్డంగా ఊపాడు. నేనే జరిగిందంతా చెప్పాను. బండ సంగతి, ఉచ్చ సంగతి, పసుపు సంగతి. అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ మెట్టు మీద కూలబడింది. తర్వాత బావ వైపు చూసి ఆగిపోయింది. ఆయన చిక్కిపోయి, గడ్డం మాసి, గాయాల చేతులతో కొబ్బరికాయ పట్టుకుని, తప్పు చేసినవాడిలా డ్రైవ్‌వే మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఎవరి కోసం మొక్కానన్నారు అప్పుడు?"

"నా కోసం," అన్నాడు బావ నేల చూస్తూ. "నువ్వు లేకుంటె నేను బతకలేను. గందుకని."

అక్క లేచింది. పైపు ఎత్తి ఆయన నెత్తి మీద నీళ్ళు వదిలింది. అవి ఐసులా ఉండి ఉంటాయి. బావ కెవ్వుమని, జుట్టు దగ్గర్నుంచి కాళ్ళదాకా ఒళ్ళంతా ఒక్కసారి దులుపుకున్నాడు. నీళ్ళు నా మీదా, కారు మీదా, వాకింగ్‌కి అటు వచ్చిన ఎదురింటాయన కుక్క మీదా పడ్డాయి.

"దులుపుకున్నాడు," అంది అక్క నాతో. "చూశావుగా, నువ్వే సాక్షి." ఆయనకి దగ్గరగా వెళ్ళి, తడి మొహం చీర కొంగు లేక టీషర్టు అంచుతోనే తుడిచింది. "మొక్కు తీరింది. ఏడాది నుంచి తిండీ నిద్రా లేకుండా నా వెనకాలే తిరిగిన పోతుని అమ్మవారికి ఇచ్చేశాను. ఆవిడ తీసుకుంది. ఇంక నాకోసం భయపడటం ఆవిడ పని, మీది కాదు. కొట్టండి కొబ్బరికాయ."

బావ పీచు కూడా తీయకుండా డ్రైవ్‌వే కాంక్రీట్ మీద ఎత్తి కొట్టాడు. నాలుగుసార్లు కొట్టాల్సి వచ్చింది. పగిలాక అక్కడే తడిలో కూర్చుని పెద్దగా ఏడ్చాడు. ఎదురింటాయన కుక్కని తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం స్కాన్‌కి ముగ్గురం వెళ్ళాం. బావ వెయిటింగ్ రూమ్‌లో నడవలేదు. కుర్చీలో కూర్చున్నాడు, కాసేపటికి తల గోడకి ఆనింది, గురక మొదలైంది. నర్సు వచ్చి పిలిస్తే నేను ఆయన్ని లేపబోయాను. అక్క వద్దని చేత్తో సైగ చేసి, ఆయన కళ్ళజోడు జారిపోకుండా తీసి నా చేతిలో పెట్టి, ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను ఆ కళ్ళజోడు పట్టుకుని లేచి, గోడవారన నడవడం మొదలుపెట్టాను.